అన్నమాట మెకానిక్

ఆ ఎనిమిదంతస్తుల ఆఫీసులో లిఫ్టులు చూసే మెకానిక్‌కి ‘అన్నమాట’ లేకుండా వాక్యం ముగిసేది కాదు. తుమ్మినా వెనకాల అది తగిలిస్తాడని గిట్టనివాళ్లు అనేవారు. అందరికీ ఆయన అన్నమాట గారే.

మేనేజరమ్మకి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది. తన బల్ల మీదికొచ్చిన ప్రతి ఉత్తరంలోనూ అక్కర్లేని మాటలు కొట్టేసి, సగానికి తెచ్చిగానీ సంతకం పెట్టని మనిషి ఆవిడ. ఒకరోజు ఆయన్ని పిలిపించి కూర్చోబెట్టింది.

“ఆ మాట తీసేస్తే మీరు చెప్పేదాని అర్థం ఏమైనా మారుతుందా?”

ఆయన తల గోక్కుని, నిజాయితీగా ఆలోచించాడు. “మారదన్నమాట.”

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆవిడ ఒక్కతే ఎక్కిన లిఫ్టు మూడో అంతస్తు దాటాక ఒక్క కుదుపుతో ఆగిపోయింది. దీపం ఆరింది. ఫ్యాను ఆగింది. ఆవిడ తలుపు బాదింది, కేకలేసింది. లోపలి గాలంతా అయిపోతున్నట్టే అనిపించింది.

గోడకున్న ఫోను గరగరలాడింది. “మేడం, నేను పైన మోటారు గదిలో ఉన్నానన్నమాట. గాలికేం లోటు లేదు, పైన సందులున్నాయన్నమాట. చేత్తో చక్రం తిప్పి మిమ్మల్ని నాలుగో అంతస్తుకి తెస్తానన్నమాట.”

లిఫ్టు జానెడు పైకి కదిలింది. ఇంకో జానెడు. ఉన్నట్టుండి జర్రున కిందికి జారి ఆగింది. పైనుంచి చప్పుడు లేదు.

“ఉన్నారా?” అంది ఆవిడ.

“ఉన్నాను.”

అంతే, తోక లేదు. పదేళ్లలో ఆ మనిషి నోట అంత పొట్టి మాట వినలేదు. తాళ్లు తెగుతున్నాయేమో, చెప్పలేక దాస్తున్నాడేమో.

“అలా కాదు. సరిగ్గా చెప్పండి.”

“ఉన్నానన్నమాట. చక్రం చేజారింది, బ్రేకు పట్టేసిందన్నమాట. తాళ్లకేం కాలేదన్నమాట.”

ఆవిడ నేల మీద కూలబడి ఊపిరి పీల్చుకుంది.

పావుగంటకి తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఆయన. మణికట్టు కమిలి వాచిపోయి ఉంది. ఆవిణ్ణి మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. అవతల ఆయన భార్య. “ఆ. ఊ. వస్తా,” అని పెట్టేశాడు.

ఆవిడ తెల్లబోయింది. ఇంట్లో ఇంతేనా అని అడిగింది.

“ఇంట్లో ఎవరూ ఇరుక్కోరు కదా మేడం. కొత్తలో నేనూ నోరు మూసుకునే పని చేసేవాణ్ణి. ఓసారి లోపలున్న పెద్దాయన, నేను వదిలేసి వెళ్లిపోయాననుకుని ఏడ్చేశాడు. అప్పట్నుంచి మాట చివర కాస్త లాగుతున్నాను. ఇంకా ఏదో చెప్తాడు, మనిషి అక్కడే ఉన్నాడు అనిపిస్తుందన్నమాట.”

గ్లాసు ఖాళీ అయినా ఆవిడ మెట్టు మీంచి లేవలేదు. ఆయన అది చూశాడు. లేవబోయినవాడు మళ్లీ కింది మెట్టు మీద చతికిలబడి, మోటారులో రాగితీగ ఎన్ని చుట్లుంటుందో, ఒక్క చుట్టు తప్పితే ఏమవుతుందో మొదలుపెట్టాడు. ఆవిడకి ఏ మాత్రం అక్కర్లేని సంగతులు.

“తర్వాత?” అంది మేనేజరమ్మ.