అనిత మంచం దిగకపోవడానికి కారణం

2023 వర్షాకాలం. కార్ఖానా ప్రాంతంలోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. గర్భిణులకు తగిన వ్యాయామాలు నేర్పడం నా పని. ఒకరోజు డాక్టరుగారు మౌలాలి నుంచి వచ్చిన అనితను నా దగ్గరికి పంపారు (పేర్లు మార్చాను). ఐదో నెల. రిపోర్టులన్నీ బాగున్నాయి, బెడ్ రెస్ట్ అవసరం లేదు. అయినా మూడు నెలలుగా మంచం దిగడం లేదు. గుండెదడ, నిద్రలేమి. చీటీ మీద 'యాంగ్జైటీ, నడిపించండి' అని ఉంది.

వెంట వచ్చిన అత్త లక్ష్మమ్మ ముందే తేల్చేసింది. "పోయినసారి నాలుగో నెలల పోయింది మేడం. గిప్పుడు కాలు కింద పెట్టనిస్తలేను. నడుసుడు గిడుసుడు వద్దు."

నేను వాదించలేదు. వరండాలో ఐదు నిమిషాలు నాతో నడవనిమ్మని మాత్రం అడిగాను. మేము 'టాక్ టెస్ట్' అనేది వాడతాం. నడుస్తూ మామూలుగా మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది, మాట తెగితే తగ్గించాలి. అందుకని మాట్లాడిస్తూ నడిపించాను.

నాలుగోసారి వచ్చినప్పుడు లక్ష్మమ్మ మందుల షాపుకి వెళ్లింది. అనిత నడుస్తూనే అంది, "మేడం, అత్తమ్మకు చెప్పద్దు. పోయినసారి ఎవ్వరికీ చెప్పకుంట దోస్తులతోటి గుట్ట మెట్లెక్కిన. తెల్లారే బ్లీడింగ్ షురూ అయింది. నేనే..."

మాట తెగింది. ఆయాసం వల్ల కాదు. కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆ సందేహం తీర్చవలసింది నేను కాదు. ఆమె ఒప్పుకున్నాక డాక్టరుగారి గదికి తీసుకెళ్లాను. ఆవిడ అనిత తెచ్చిన ఫైల్లోంచి, బ్లీడింగ్ అయిన రోజు నాటి పాత స్కాన్ రిపోర్టు తీసి చదివారు. "అప్పటికే పిండం సైజు రెండు వారాలు వెనకబడి ఉందమ్మా. నువ్వు మెట్లెక్కకముందే గుండె ఆగిపోయింది. మెట్ల వల్ల పోలేదు." ఆ కాగితం ఏడాదిగా అనిత దగ్గరే ఉంది. ఎవరూ చదివి చెప్పలేదు.

బయటికొచ్చి అత్తకు అనితే అంతా చెప్పింది. లక్ష్మమ్మ కోడలి పక్కన కూర్చుంది.

"నాకు ముందే చెప్పొద్దా బిడ్డా? నీతోటి నీళ్ల బిందె మోపిచ్చిన, గందుకే పోయిందని నేను సుత అప్పటిసంది పరేషాన్ అయితున్న."

ఆ వారం నుంచి ఇద్దరూ సాయంత్రాలు కాలనీలో నడిచారు. క్రమంగా అరగంట దాకా పెంచాం. భయం పూర్తిగా పోలేదు, స్కాన్‌కి వచ్చిన ప్రతిసారీ అనిత చేతులు చల్లగానే ఉండేవి. కానీ నిద్ర పట్టసాగింది, పగటి దడ తగ్గింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది.

వ్యాయామం ఆందోళనను తగ్గిస్తుందని చదువుకునే వచ్చాను. కాళ్లను కట్టేసేది ఏమిటో మాత్రం పుస్తకంలో లేదు. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా, ఎంతసేపు నడవగలరని అడిగే ముందు, నడిస్తే ఏమవుతుందని భయపడుతున్నారో అడుగుతాను. వెంట వచ్చినవాళ్లను కూడా.