నేను వద్దన్నవాళ్ల మాస్టారు

మాస్టారు పోయారని వాళ్ల పెద్దమ్మాయి ఫోను చేసినప్పుడు నేను క్లాసు చెబుతున్నాను. "నాన్న ఎల్లిపోయారు తమ్ముడూ. నువ్వొస్తావని కాదు, సెప్పాలని సేసాను" అంది. ఆ మాటకు నేను తగినవాణ్ణే. నాలుగేళ్లుగా వాళ్లింటికి వెళ్లలేదు.

బరంపురం హల్దియాపదర్‌లో, తన ఇంటి ముందుగదిలోనే ఆయన బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెప్పేవారు. పొంతన లేనట్టు కనిపించే రెండు వాక్యాలిచ్చి, అవెలా కుదురుతాయో చెప్పమనే ప్రశ్నలంటే ఆయనకు మహా ఇష్టం. నేను అక్కడ చదివే రోజుల్లో ఒకసారి బోర్డు మీద రాశారు: హుమ్మ ఊళ్లో ఈ ఏడాది ఉప్పుమడులు పెరిగాయి, ఉప్పు తగ్గింది. ఏదో ఒకటి తప్పయి ఉంటుందన్నాను.

"రెండూ నిజమే నాన్నా. ఒకటి అబద్దమని కొట్టేత్తే నీకు సులువు, అంతే. మద్దిలో ఏటి జరిగిందో సూడు."

జరిగింది అకాల వర్షం. ఆ సంగతి మా చేత చెప్పించడానికి అరగంట ఓపిక పట్టారు. ఎవరు తప్పు చెప్పినా "అలాగనిపించిందా" అని, ఎందుకనిపించిందో అడిగేవారు.

ఆయన నేర్పిన విద్యతోనే నేను కోచింగ్ సెంటర్ పెట్టాను. ముందు ఒక పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవాళ్లనే చేర్చుకునేవాణ్ణి. నా దగ్గర చాలామందికి ఉద్యోగాలొచ్చాయి. ఆయన దగ్గర ఏడాదికి ఒకరో ఇద్దరో. భంజనగర్ నుంచి వచ్చిన ఒక తండ్రి, కూతుర్ని మాస్టారి దగ్గర చేర్చమంటారా అని అడిగితే, "ఆయనకి వయసైపోయిందండీ, ఇప్పటి పేపర్లు అందవు" అన్నాను. తర్వాత ఇంకొందరితోనూ అన్నాను. ఆ మాట ఆయన చెవిన పడిందని తెలిశాక, మొహం చెల్లక అటు వెళ్లడం మానేశాను.

పదోరోజున వెళ్లాను. గుమ్మంలో ఒకమ్మాయి ఎదురొచ్చింది.

"గుర్తుపట్టారా సార్? మీ పరీక్షలో రెండుసార్లు పోయాను. ఇక్కడ అందరం అలాటోలమే. మీరు ఒద్దన్నోలని మాస్టారు పిలిసి కూకోబెట్టీవోరు."

"నా గురించి ఏమైనా అనేవారా?"

"మీ సెంటర్ పేపర్లు తెప్పించి మా సేత సేయించీవోరు. బాగా తయారుసేత్తాడు అనీవోరు."

అంత మంచి గురువుకి అంత తక్కువ ఫలితాలెందుకో, నాలుగేళ్లలో ఒక్కసారైనా ఆలోచించలేదు. కారణం నేనే.

గదిలో ఏడెనిమిది మంది చాప మీద కూర్చుని, ఆ వారంలో రాయబోయే పరీక్షకు తయారవుతూ, ఏదో ప్రశ్న మీద తెలుగులోనూ ఒడియాలోనూ వాదించుకుంటున్నారు. నేను చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాను. ఆ అమ్మాయి వెళ్లి తన చోట కూర్చుంది. నా వైపు ఓసారి చూసి, కొంచెం పక్కకు జరిగింది.