ఎర్ర దారం కట్టిన చిక్కుడుకాయలు

మా అత్తగారితో వేగలేక చస్తున్నాను. పెరట్లో చిక్కుడు పాదు పందిరి నిండా కాస్తుంది. ఏం లాభం? నిగనిగలాడే కాయ కంటపడితే చాలు, తొడిమకు ఎర్ర దారం కట్టేస్తుంది. అది విత్తనానికట. పాదు మీదే ఎండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. వంటింట్లోకి వచ్చేవి వంకరవీ పురుగు తొలిచినవీ. వాటిని ఏరేసరికి నా ప్రాణం తోకకొస్తుంది. ఆ విత్తనం ఆవిడకు వాళ్ల అత్తగారు ఇచ్చింది. ఆ పెద్దావిడదీ ఇదే వరసట.

ఒకసారి మా ఆయన దగ్గర మొత్తుకుంటే, చదువుతున్న పుస్తకం మూసి ఉపన్యాసం మొదలెట్టారు. మనుషులు అడవులు పట్టి తిరగడం మాని ఇళ్లు కట్టుకున్నా, ఊళ్లూ కొలతలూ క్యాలెండర్లూ పుట్టినా, ఎవరో ఆకలి చంపుకుని మంచి గింజను మళ్లీ నాటడానికి దాచడం వల్లేనట. అలా దాచినవాళ్ల ఇంట్లో మిగతావాళ్లు ఎంత ఏడ్చి ఉంటారో మాత్రం ఆ పుస్తకంలో లేదట.

మొన్న ఆదివారం అత్తగారు కళ్లడాక్టరు దగ్గరికి వెళ్లింది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మామగారు వంటింట్లో ఉన్నారు. దారం కట్టిన కాయలన్నీ మూకుట్లో మగ్గుతున్నాయి, దారాలు చెత్తబుట్టలో ఉన్నాయి.

"ఇదేం పని మామయ్యగారూ! వచ్చే ఏడాదికి విత్తనం ఎలా?"

"పోయేలోపు ఒక్కసారైనా మంచి కాయ తినాలమ్మా. అంతే."

మిగిలినవన్నీ పుచ్చువే. ఇక ఆ పాదు ఇంతటితో సరి.

ఆవిడ వచ్చింది, పందిరి చూసింది. ఇల్లు పీకి పందిరేస్తుందని నేను బిక్కుబిక్కుమంటుంటే, తిన్నగా వెళ్లి కంచం ముందు కూర్చుంది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది.

"ఇంత కమ్మగా ఉంటాయా ఇవి?" అంది. "మా అత్త కూడా తినలేదే పాపం."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఏరి ఏరి పెంచిన కాయ రుచి ఆవిడకే తెలీదు. ఏడుపొచ్చేసింది నాకు.

మామగారు ఇదే అదనని, "పందిరి పైన ఇంకొక్కటుంది, నాకందలేదు. రేపు నీకోసం కోయిస్తా," అన్నారు.

ఆవిడ ఎంగిలి చెయ్యి గబగబా కడుక్కుంది. "స్టూలు పట్టుకురా అమ్మాయ్," అంది.

పోనీలే, ఆ ఒక్కటీ ఆవిడే తింటుంది అనుకుంటూ స్టూలు కదలకుండా పట్టుకున్నాను. ఆవిడ పైకెక్కి, ఆ కాయకు దారం కట్టింది. ఒకటి కాదు, రెండు.