అమ్మ వైపు తలుపు

మా చిన్నప్పుడు నాన్న కారు ఆపితే అమ్మ వెంటనే దిగేది కాదు... కూర్చునే ఉండేది. నాన్న తన వైపు నుంచి దిగి, బానెట్ ముందు నుంచి చుట్టి వచ్చి, అమ్మ వైపు తలుపును తుంటితో ఒక్కసారి లోపలికి నొక్కి, పిడి లాగేవాడు. టక్కుమని చప్పుడయ్యేది. అప్పుడు అమ్మ దిగేది.

అది మర్యాద కోసం కాదు. ఆ తలుపు గడియ పట్టేసేది. లోపలి నుంచి ఎంత లాగినా తెరుచుకునేది కాదు.

భిలాయిలో, రుఆబాంధా క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. రిటైరై ఊరు వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర ఆ కారు కొన్నాడు. గుండ్రటి హెడ్‌లైట్లు, ముందు సోఫాలాంటి ఒకే సీటు... ఇవాళైతే వింటేజ్ అంటారు. మేం పాత కారు అనేవాళ్లం.

మా విజయనగరం వైపు వాళ్లలో అప్పట్లో భర్త ముందు నడవడం, భార్య పది అడుగుల వెనక పిల్లలతో రావడం మామూలే. బజారులో మేం నాన్న వీపు చూసుకుంటూ నడిచేవాళ్లం. నలుగురిలో ఆయన అమ్మతో మాట్లాడేది కూడా తక్కువ. ఆ తలుపు దగ్గర మాత్రం వెనక్కి వచ్చేవాడు... అమ్మ దిగేదాకా నిలబడేవాడు.

షిఫ్టులో వాళ్లు ఊరుకుంటారా? "క్యా భయ్యా, ఘర్ మే భీ డ్యూటీ?" అంటూ, ఇంట్లో కూడా డ్యూటీయేనా అని ఏడిపించేవారు. పక్క క్వార్టర్ సింహాచలం మావయ్య మరీను. ఊరి వరస కలుపుకుని అమ్మను అక్క వరసలో అప్ప అని, నాన్నను బావ అని పిలిచేవాడు కాబట్టి ఆయన నోటికి అడ్డులేదు.

"బావా, మా అప్పకి డ్రైవర్ దొరికీసినాడు. యూనిఫారం ఎప్పుడు కుట్టిస్తావేటి?"

నాన్న చెవులు ఎర్రబడేవి. ప్రతి ఆదివారం గడియకు గ్రీజు పెట్టేవాడు. ప్లాంటు వాళ్లకు ఏది పట్టేసినా మందు గ్రీజే. పెట్టినకొద్దీ అది ఇంకా బిగుసుకునేది.

చివరికి ఒకరోజు, "నవ్వడం కాదురా, చేతనైతే బాగు చెయ్యి" అన్నాడు మావయ్యతో.

మావయ్య మెయింటెనెన్స్ ఫిట్టర్. ఆయన చెయ్యి పడితే పని అయిపోయినట్టే అని ప్లాంటులో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. వరండాలో పాత దుప్పటి పరిచి, తలుపు లోపలి అట్ట విప్పి, గడియ బయటికి తీశాడు. గ్రీజులో ఎర్ర దుమ్ము కలిసి ముదురు పాకంలా గట్టిపడి ఉంది... ప్లాంటు నుంచి వచ్చి, రోజూ మేం ఆరేసిన బట్టల మీద వాలే దుమ్మే అది.

"నీ గ్రీజే బావా దీని రోగం."

గడియను కిరసనాయిలులో నానబెట్టాడు. పాత బ్రష్‌తో కడిగాడు. గరుకు తేలిన అంచును ఆకురాయితో సాపు చేసి, అమ్మ కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేశాడు. బిగించాక నన్ను సీట్లో కూర్చోబెట్టి, "చిటికెన వేలితో లాగి చూడు" అన్నాడు. లాగాను... తెరుచుకుంది.

నాన్న నవ్వాడు. అమ్మ టీ ఇచ్చింది. అంతే.

తర్వాతి ఆదివారం బజారు దగ్గర కారు ఆగింది. నాన్న దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. అమ్మ తనే తలుపు తీసుకుని దిగింది. ఆ పై ఆదివారమూ అంతే. ఆ రెండుసార్లూ తిరిగి వచ్చేటప్పుడు దారంతా అమ్మ మాట్లాడలేదు. నాన్న గమనించలేదు...

మూడో వారం చరోదా రైల్వే కాలనీలో పెళ్లి. మధ్యాహ్నం భోజనాలు. షామియానా బయట నాన్న షిఫ్టు వాళ్లంతా ఉన్నారు, సింహాచలం మావయ్యతో సహా. నాన్న దిగి అటు నడిచాడు. అమ్మ దిగలేదు.

పది అడుగులు వెళ్లి తిరిగి చూశాడు.

"ఏటి, దిగవేటి?"

"తలుపు పట్టీసిందండీ."

నేను వెనక సీట్లో ఉన్నాను. అమ్మ చేతులు రెండూ ఒళ్లో ఉన్న చదివింపుల పళ్లెం మీద ఉన్నాయి. పిడిని ముట్టుకోనే లేదు.

అందరూ చూస్తున్నారు. నాన్న ఒక క్షణం ఆగి, బానెట్ చుట్టి వచ్చాడు. అలవాటు కొద్దీ తుంటితో నొక్కి, గట్టిగా లాగాడు. తలుపు ఎంత తేలిగ్గా వచ్చిందంటే ఆయన వెనక్కి తూలాడు. అమ్మ ఆయన మొహంలోకి చూస్తూ దిగింది. నాన్న తలుపు వేశాడు. షామియానా వైపు తిరిగి అరిచాడు.

"ఒరే సింహాచలం! ఏటిరా నీ రిపేరు? మూడు వారాలు ఆగనేదు!"

అందరూ నవ్వారు. "వాహ్ ఉస్తాద్!" అన్నారెవరో. మావయ్య మొహం మాడిపోయింది. ఆ రోజు ఆయన సరిగ్గా భోజనం చేయలేదు.

మర్నాడు డ్యూటీ దిగి, పనిముట్ల సంచితో తిన్నగా మా ఇంటికే వచ్చాడు. అమ్మ కూర్చునే సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, చిటికెన వేలితో లాగాడు. తెరుచుకుంది. మళ్లీ వేశాడు. మళ్లీ తెరుచుకుంది.

వరండాలో చాట పట్టుకున్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తల వంచుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నాన్న వైపు చూశాడు. నాన్న పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మావయ్య దిగి, తలుపు మెల్లగా వేసి, సంచి భుజాన తగిలించుకున్నాడు.

"పాత బండి బావా. నా వల్ల కానేదు. ఇలాగే వాడుకో."

"అంతేనంటావా?"

"అంతే. గ్రీజు మాత్రం పెట్టకు."

ఆ తర్వాత ప్లాంటులో ఎవరైనా కారు తలుపు పేరెత్తి వెక్కిరిస్తే మావయ్య నవ్వి ఊరుకునేవాడట. కారు అమ్మేసేదాకా నాన్న బానెట్ చుట్టి వస్తూనే ఉన్నాడు. గడియ బాగానే ఉందని మా ముగ్గురికీ, మావయ్యకీ తెలుసు. ఎవరూ ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు నా కారులో ఒక్క బటన్ నొక్కితే నాలుగు తలుపుల గడియలూ తెరుచుకుంటాయి. ఎవరి తలుపు వాళ్లు తీసుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ దిగిపోతాం... ఏదైనా పాడైతే ఆ భాగం తీసేసి కొత్తది పెట్టేస్తారు, పనితనం బాగుంటుంది కూడా. కానీ చక్కగా చేసిన పనిని చెయ్యలేకపోయానని చెప్పి, ఆ మాట మీదే నిలబడిన మనిషి నాకు మళ్లీ ఎదురుపడలేదు.

మీ వీధిలో అలాంటి వాళ్లు ఎవరైనా ఉండేవారా... ఉంటే వాళ్ల గురించి రెండు మాటలు రాయండి.