హిల్డా మాస్కెల్ తలుపు, మేస్టారి పిసినారి

కార్న్‌హిల్ రోడ్డు వెనక బెల్‌రోప్ సందులో నా చెప్పుల దుకాణానికి ఎదురుగా ఒక పాత భవనం ఉండేది. దాని కాపలా మనిషి హిల్డా మాస్కెల్. కింది అంతస్తుల్లో బీమా వాళ్లూ, ఓడ సరుకుల వాళ్లూ ఆఫీసులు పెట్టేవాళ్లు, ఎత్తేసేవాళ్లు. పైకప్పు కింది రెండు గదుల్లో ఆవిడ మాత్రం స్థిరం. భర్త లెన్ లెడెన్‌హాల్ మార్కెట్లో కోళ్ల బుట్టలు మోసేవాడు. యుద్ధం ముగిసిన కొన్నాళ్లకే పోయాడు. పిల్లల్లేరు. మెట్లు కడగడం, బొగ్గు మోయడం, వచ్చేపోయేవాళ్లని కాళ్లు తుడుచుకోమని కసరడం ఆవిడ పని. కంపెనీ డైరెక్టరైనా సరే, బురద బూట్లతో వస్తే గుమ్మం బయట ఆగాల్సిందే.

ఆ భవనం ముందు తలుపంటే ఆవిడకి ప్రాణం. తలుపు మధ్యలో మనిషి ముఖం పట్టేంత చిన్న కిటికీ, దానికొక చెక్క రెక్క, ఆ రెక్క మీద తలుపు తట్టడానికి ఇత్తడి కడియం. రోజూ పొద్దున్నే సుద్దపొడి అద్ది ఆ కడియాన్ని తోమేది. దాని మీద వేలిముద్ర కనిపిస్తే ఆ రోజు సందులో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు.

ఒక డిసెంబరు మధ్యాహ్నం డెన్‌జిల్ ఆప్స్ అనే పెద్దమనిషి ఓ గుంపుని వెంటేసుకుని ఆ తలుపు ముందుకొచ్చాడు. కామ్డెన్ టౌన్ బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మేస్టారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, పాత క్రిస్మస్ కథ జరిగిన చోట్లు చూపిస్తానంటూ జనాన్ని ఊరంతా తిప్పడం మొదలుపెట్టాడు. కథ అందరికీ తెలిసిందే. పండగంటే మండిపడే ఒక ముసలి పిసినారి ఇంటికొస్తే, తలుపు కడియంలో చచ్చిపోయిన వ్యాపార భాగస్వామి ముఖం కనిపిస్తుంది, దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని. తర్వాత మూడు దయ్యాలొచ్చి ముసలాయన మనసు మారుస్తాయి. ఆ ఇల్లు ఫలానా చోట అని కథలో ఎక్కడా లేదు. మేస్టారు మాత్రం చీకటి సందునీ, పైన తొంగిచూసే చర్చి గోపురాన్నీ చూసి ఇదేనని తేల్చేశాడు.

"ఆ లోభి ముసలివాడు ఈ తలుపు వెనకే ఒంటరిగా బతికాడు," అంటూ ఆయన గొంతు పెంచగానే తలుపు తెరుచుకుంది. హిల్డా బ్రష్షుతో సహా బయటికొచ్చింది.

"ఎవరండీ లోభి?"

"కథలో ముసలాయనమ్మా. ఆయన ఇల్లు ఇదే అయ్యుండొచ్చని..."

"అయ్యుండొచ్చా? మీరు చూశారా? మా లెన్ బతికున్నన్నాళ్లూ పండక్కి పెద్దబాతు వండుకున్న ఇల్లిది. పిసినారి కావాలంటే పక్క సందులో వెతుక్కోండి మేస్టారూ. అక్కడ బోలెడంతమంది."

గుంపు నవ్వింది. మేస్టారు టోపీ ఎత్తి క్షమాపణ చెప్పాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఈసారి నా దుకాణం గోడని ఆనుకుని, గొంతు తగ్గించి అదే మాట చెప్పాడు. ఆయన తగ్గినా జనం తగ్గలేదు. ఆయన లేనప్పుడు కూడా ఎవరెవరో వచ్చి కడియం తట్టి, దయ్యం ఇంట్లో ఉందా అని అడిగిపోయేవాళ్లు. పైనుంచి కిందికి దిగేసరికి హిల్డా మోకాళ్లు పట్టేసేవి.

చివరికి ఆ కడియమే లేకుండా చేస్తే పీడ విరగడవుతుందనుకుంది. మేకులు తుప్పుపట్టి ఊడిరాలేదు. విసిగిపోయి చెక్క రెక్క మొత్తాన్ని ఊడదీసి లోపల పెట్టేసింది. తలుపులో కన్నం మిగిలింది. దానికి లోపలినుంచి గోనెపట్టా వేలాడదీసింది.

ఆ వారమే ఆవిడకి జ్ఞానదంతం నొప్పి పట్టుకుంది. బుగ్గ వాచింది. దవడ కింద నుంచి నడినెత్తి దాకా తెల్లగుడ్డ బిగించి కట్టుకుని, ఆ అవతారంలోనే మెట్లు కడిగింది. తర్వాత తలుపు వెనకే కూర్చుని ఇత్తడి సామాను తోముకుంటోంది. సాయంత్రం మసక పడుతుండగా మేస్టారు గుంపుతో వచ్చాడు. కడియం లేకపోవడం చూసి మొదట తడబడ్డాడు కానీ, అనుభవం ఉన్న మనిషి కదా, వెంటనే సర్దుకున్నాడు.

"కడియం పోయింది," అన్నాడు గొంతు వణికిస్తూ. "కానీ సరిగ్గా ఇక్కడే, ఈ చీకట్లో..."

గోల విని హిల్డా గోనెపట్టా తొలగించి ముఖం బయట పెట్టింది. ముఖం నిండా సుద్దపొడి. దవడకి కట్టు. నోరు తెరవలేక "ఊఁ..." అని మూలిగింది.

నా దుకాణంలోంచి అంతా చూశాను. లీడ్స్ నుంచి వచ్చిన ఒక లావుపాటావిడ కళ్లు మూసుకుని ఉన్నచోటే చతికిలబడింది. మిగతావాళ్లు పరిగెత్తారు. పరిగెత్తినవాళ్లలో అందరికంటే ముందున్నది మేస్టారే. మధ్యాహ్నం హిల్డా మెట్లు కడిగిన నీళ్లు సందులో గడ్డకట్టి ఉన్నాయి. వాటి మీద కాలు పడగానే ఆయన జర్రున జారి కార్న్‌హిల్ దాకా పోయాడు. కాలు విరిగింది.

నేనూ ఇంకొకాయనా ఆయన్ని మోసుకొచ్చి హిల్డా తలుపు లోపలి నడవలో పడుకోబెట్టాం. ఆంబులెన్సు వచ్చేదాకా ఆవిడ బ్రాందీ కలిపిన టీ చెంచాతో పట్టింది. తప్పు నాదే అని ఆవిడ, కాదు నాదే అని ఆయన. ఆవిడ కట్టు విప్పకుండానే మాట్లాడుతుండటంతో సగం మాటలు ఎవరికీ అర్థం కాలేదు.

కాలికి పిండికట్టు వేసి ఆయన్ని ఇంటికి పంపించారు. ఒంటరి మనిషి. పన్ను పీకించుకున్నాక హిల్డా బఠాణీ సూపూ, ఎండుద్రాక్ష కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి పైలూ బుట్టలో పెట్టుకుని బస్సెక్కి కామ్డెన్ టౌన్ వెళ్లింది. మొదటిరోజే అక్కడ నిజం బయటపడింది. ఆయన కథలో ఏదో మాట ఎత్తితే ఆవిడ తెల్లముఖం వేసింది. ఆవిడ ఆ కథ ఎప్పుడూ చదవలేదు. పిసినారి అన్నమాట చెవిన పడినందుకే అంత యుద్ధం చేసింది.

మేస్టారు నిర్ఘాంతపోయాడు. ఆ తర్వాత ఆవిడ వెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెం చదివి వినిపించేవాడు. మర్నాడు ఆవిడ నా దుకాణానికి వచ్చి, నేను మేకులు కొడుతుంటే కథ వప్పజెప్పేది. అయితే కథ ఆవిడకి వేరేగా అర్థమైంది.

"అంత పెద్ద ఇంట్లో ఒక్కడే జావ తాగి పడుకునేవాడట, పాపం," అంది. "మెట్ల మీద దీపం లేదు. ఊడ్చే దిక్కు లేదు. అంత దుమ్ములో దయ్యాలు రాక ఏమొస్తాయి? నాలాంటిదాన్ని ఒకదాన్ని పెట్టుకుని ఉంటే మూడు దయ్యాల పనే ఉండేది కాదు."

బొగ్గు తక్కువ వాడటాన్ని కూడా ఆవిడ తప్పుపట్టలేదు. బొగ్గు మోసేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ అంది.

మళ్లీ డిసెంబరు వచ్చింది. మేస్టారు చేతికర్ర పట్టుకుని, గుంపు లేకుండా ఒంటరిగా వచ్చాడు. ఆవిడ చేసిన సేవకి ఏదో ఒకటి చేయాలని ఏడాదంతా ఆలోచించాడట. నేను చూస్తుండగానే టోపీ తీసి సంబరంగా చెప్పాడు.

"మిసెస్ మాస్కెల్, మీకో శుభవార్త. ముసలాయన్ని పక్క సందుకి మార్చేశాను. ఇక మీ గుమ్మంలోకి ఎవరూ రారు."

హిల్డా చేతిలో బ్రష్షు బకెట్లో పడింది.

"ఎవర్నడిగి మార్చారు?"

"మీరేగా ఆయన ఈ ఇంట్లో లేడన్నారు."

"అప్పటికి నాకు ఆయన తెలీదు," అంది హిల్డా. "పక్క సందులో ఆ మెట్లు చూశారా? ఎంగిలి కాగితాలు. అక్కడ పడేస్తారా ముసలాయన్ని?"

మేస్టారికి కూడా పౌరుషం వచ్చింది. ఇంతమందికి చెప్పుకున్నాక వెనక్కి తీసుకోనన్నాడు. పైగా పాత పటాలు చూస్తే పక్క సందే సరైనదని తనకి నిజంగానే అనిపిస్తోందన్నాడు. ఆవిడ తలుపు ధడాలున వేసుకుంది.

మర్నాడు ఆయన గుంపు కార్న్‌హిల్ మలుపు తిరిగేసరికి హిల్డా ఆదివారం టోపీ పెట్టుకుని సందు మొదట్లో నిలబడి ఉంది. ముసలాయన అసలు ఇల్లు చూడాలంటే ఇటు రండి, కాళ్లు తుడుచుకుని రండి అంది. సగంమంది అటే తిరిగారు. తనకి తోచినట్టు, దయ్యాల్ని తిడుతూ, ముసలాయన్ని వెనకేసుకొస్తూ ఆవిడ చెప్పిన కథకి జనం పొట్టలు పట్టుకున్నారు. పక్క సందులోంచి మేస్టారు గొంతు అంతకంతకీ పెద్దదవుతుండటం నాకు వినిపించింది.

తర్వాత ఎన్నో డిసెంబర్లు అలాగే గడిచాయి. చీకటి పడ్డాక ఇద్దరూ మూలమీది పబ్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని, అవతలివాళ్లు ఆ రోజు చెప్పిన అబద్ధాలు ఒకరికొకరు గుర్తుచేసుకునేవాళ్లు. ఆయన కోటు గుండీలు ఆవిడే కుట్టేది. ఆవిడకి కళ్లజోడు వచ్చాక పేపరు ఆయనే చదివి పెట్టేవాడు, కళ్లజోడు ఎప్పుడూ ఇంట్లో మరిచిపోయి వచ్చేది కనక.

ఒకసారి బూట్లకి అట్టలు వేయించుకోవడానికి వచ్చినప్పుడు, మేస్టార్ని పెళ్లి చేసుకోకూడదా అని ఆవిడని అడిగాను.

"చేసుకుంటే పొద్దున్నే లేచి పోట్లాడాలి బాబూ," అంది. "ఇప్పుడైతే మధ్యాహ్నం దాకా నా పని నేను చేసుకుంటాను."

బూట్లు తీసుకుని వెళ్లిపోయింది. బయట కార్న్‌హిల్ మలుపు దగ్గర జనం అప్పుడే పోగవుతున్నారు.