డాసక్క అచ్చువేసిన నోటీసు

జీతాల పట్టీలో ఆవిడ పదిహేడేళ్లుగా అటెండరే. చేసేది మాత్రం అంధుల బడిలో బ్రెయిలీ పుస్తకాల ముద్రణ. అక్కడి అచ్చు యంత్రానికి డాస్ అనే పాతకాలపు కంప్యూటర్ వ్యవస్థ మీద నడిచే ప్రోగ్రాము తప్ప మరేదీ గిట్టదు కనుక పిల్లలు ఆవిడను డాసక్క అంటారు. ప్రతి పుస్తకంలో మొదటి కాగితాన్ని ఆవిడ కళ్లు మూసుకుని వేళ్లతో చదువుతుంది. చుక్క సరిగా లేచిందో లేదో కళ్లకేం తెలుస్తుందంటుంది.

పరీక్షలు వారంలో ఉన్నాయనగా ఆ యంత్రాన్ని నడిపే కంప్యూటరు కన్నుమూసింది. "డాసా? అదెప్పుడో పోయిందమ్మా! కొత్త యంత్రం కొనండి, మూడు నెలల్లో వస్తుంది," అని నవ్వాడు యంత్రం అమ్మిన కంపెనీ మనిషి.

"అందాకా పిల్లలు గాల్లో చదవాలా బాబూ?" అంటూ ఆవిడ మూలనపడ్డ మరో కంప్యూటరు దుమ్ము దులిపింది. ముప్పై ఏళ్ల కిందట డాస్‌ను దాని కంపెనీయే వదిలేస్తానంటే, ఒక విద్యార్థి పూనుకుని, పదిమంది చేయివేసి, అచ్చం అలాగే పనిచేసే ఫ్రీడాస్‌ను తయారుచేశారనీ, ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చనీ ఆవిడకు తెలుసు. దాన్ని ఎక్కించి, ముందే నకలు తీసి దాచిన పాత ప్రోగ్రామును జతచేసింది. మధ్యాహ్నానికి యంత్రం టకటకలాడింది. చూపులేని లెక్కల మాస్టారు మొదటి ప్రశ్నపత్రం తడిమి, "అక్షరం పొల్లుపోలేదు డాసక్కా," అన్నారు.

సాయంత్రం ప్రిన్సిపాల్, యంత్రాన్ని బాగుచేసినందుకంటూ ఆ కంపెనీకి కృతజ్ఞతలు చెబుతూ నోటీసు రాశారు. దాన్ని పిల్లల కోసం బ్రెయిలీలో అచ్చువేసింది ఆవిడే, ఒక్క చుక్క మార్చకుండా.

మీరు పనిచేసే చోట ఇలాంటి మనిషి ఉంటే, చేస్తున్న పనికి తగ్గ హోదా ఇవ్వమని రేపే అర్జీ రాయండి. మొదటి సంతకం మీరే పెట్టండి.