పప్పు ఉడకని నెల

నా చిన్నప్పుడు మా పేటలో అన్నిటికంటే గొప్ప బావి మాదేనని నాకు గట్టి నమ్మకం. మా ఇల్లు కాలవ గట్టు పక్కనే. కాలవ పారినన్నాళ్ళూ మా నీళ్ళు కొబ్బరినీళ్ళే. ఆడవాళ్ళంతా బిందెలతో మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. ఆ బావి నేనే తవ్వించినట్టు మిడిసిపడేదాన్ని.

పేట చివర ఇసుక నేలలో ఇంకో బావి ఉండేది. వానాకాలంలో పొలాల మురుగు చేరి వాసన కొట్టేది. దానికి కుళ్ళుబావి అని పేరు పెట్టింది నేనే. ఆ ఇంటి పిల్ల నాతోనే బడికొచ్చేది. ఒకరోజు దాని చెంబులో నీళ్ళు తాగనని నలుగురిలో అనేశాను. అది చెంబు వెనక్కి పెట్టుకుంది.

ఆ ఏడు ఎండాకాలంలో మా మేనత్త పెళ్ళి కుదిరింది. భోజనాలు చర్చి ఆవరణలో, వంట పెత్తనం మా నాయనమ్మది. పేటలో ఏ పెళ్ళికైనా పప్పులో ఆవిడ చెయ్యి పడాల్సిందే. కాలవకి నీళ్ళు కట్టేసి అప్పటికి నెల దాటింది. అయినా పెళ్ళికి నీళ్ళు మా బావివేనని నేను ఊరంతా చాటాను. అది నాయనమ్మ చెవిన కూడా పడింది.

పెళ్ళి రెండు రోజులుందనగా పొద్దున్నే పిలిచి రెండు గిన్నెలు నా చేతిలో పెట్టింది. ఒకదాంట్లో మన నీళ్ళు, ఇంకోదాంట్లో కుళ్ళుబావి నీళ్ళు తెమ్మంది. ఎవరూ చూడకుండా వెళ్ళి తోడుకొచ్చాను. రెండింట్లో గుప్పెడేసి కందిపప్పు పోసి, మంట చూసుకోమని నాకే వదిలేసి వెళ్ళింది. కాసేపటికి కుళ్ళుబావి పప్పు వెన్నలా మెదిగింది. మాది పలుకు పలుకుగానే ఉంది. దొంగతనంగా మా గిన్నె కిందకి ఇంకో నాలుగు పుల్లలు తోశాను. అయినా ఉడకలేదు, ఏడుపొచ్చింది.

నాయనమ్మ వచ్చి గరిటెతో రెండూ నొక్కి చూసింది. "కాలవ కట్టేస్తే మన బావి ఉప్పుకి తిరుగుద్దే, ఉప్పునీళ్ళలో పప్పుడకదు. వానలకి మళ్ళీ మంచిదవుద్ది. బావి మంచిదా చెడ్డదా అని అడగమాక, ఏ నెలో అడుగు. ఇప్పుడెళ్ళి పెళ్ళికి నీళ్ళు నువ్వే అడిగిరా," అంది.

ఆ ఇల్లు అంత దూరమని ఆ రోజే తెలిసింది. తలుపు తీసింది ఆ పిల్లే. అత్త పెళ్ళికి నీళ్ళు కావాలని గొణిగాను. అది లోపలికెళ్ళి చేద తెచ్చి నా చేతికిచ్చింది.

"తోడుకో. కుళ్ళుబావే మరి," అంది.

నవ్వుతూనే అంది గానీ నేను సిగ్గుతో చచ్చిపోయాను.

పెళ్ళిలో పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. ఆ తరవాత నాయనమ్మ పేట బావులన్నిటినీ వంటింటి గోడ మీద నాచేత బొగ్గుతో గీయించింది. నెలనెలా ఒక్కో బావి నీళ్ళతో గుప్పెడు పప్పు పొయ్యెక్కేది. ఉడికితే సున్నం చుక్క, ఉడక్కపోతే ఎర్రటి జేగురు చుక్క. క్రిస్మస్‌కి ఇల్లంతా వెల్ల వేయించినా ఆ గోడ జోలికి ఎవర్నీ రానివ్వలేదు.

మొన్న గుణదల మేరీమాత తిరనాళ్ళకి వచ్చిన మా మనవరాలు ల్యాప్‌టాప్‌లో మ్యాప్ చూపించింది. అది భూగర్భజలాల మీదే చదువుతోంది. మంచినీళ్ళ బోరుకి తెల్లచుక్క, ఉప్పునీళ్ళ బోరుకి ఎర్రచుక్క. "ఇది ఏ నెలదమ్మా?" అన్నాను. తెల్లబోయి, తరవాత నవ్వి, వానలకు ముందుదీ తరవాతదీ పక్కపక్కన పెట్టింది. కొన్ని ఎర్రచుక్కలు తెల్లబడ్డాయి, కొన్ని తెల్లవి ఎర్రబడ్డాయి. మా వంటింటి గోడే అనుకున్నాను.

ఇన్నేళ్ళొచ్చినా ఎవరినైనా ఒక్క మాటతో తీసిపారెయ్యబోతే, ఆ పిల్ల నా చేతికిచ్చిన చేద బరువు తెలుస్తుంది. ఆ మాట అక్కడే ఆగిపోతుంది.